కోత ముంగిట ఎర్రనల్లి

మార్చి వచ్చిందంటే న్యూజిలాండ్‌లో ఆకురాలు కాలం మొదలైనట్టే. దక్షిణ దీవికి ఈశాన్యపు కొసన ఉన్న మార్ల్‌బరోలో ఆ రోజుల్లో ద్రాక్ష కోతల సందడి. అదే సీమలో, కెకెరెంగూ అనే సముద్రతీరపు ఊరి దగ్గర, లైసెన్సు మీద సాగయ్యే ఔషధ గంజాయి పూతకొచ్చి ఉంటుంది. ఏపుగా ఎదిగిన మొక్కలు, జిగురు పట్టిన పూగుత్తులు, గాలి నిండా ఘాటు వాసన. చేను చూడ్డానికి వచ్చినవాళ్లు ఎవరైనా ఆ పూగుత్తుల వంకే చూస్తారు. చేను పెట్టినవాళ్లు మాత్రం కింది వరుస ఆకును వెనక్కి తిప్పి, పదింతలు చేసి చూపే భూతద్దాన్ని కంటికి ఆనించుకుని, ఈనెల పక్కన వెతుకుతారు.

అక్కడ కనబడకూడదని వాళ్లు మొక్కుకునేది అర మిల్లీమీటరు మించని ఒక ప్రాణి. లేత ఆకుపచ్చ ఒళ్లు, ఇరుపక్కలా చెరో నల్లమచ్చ, ఎనిమిది కాళ్లు. దాని చుట్టూ గాజులా మెరిసే గుండ్రటి గుడ్లు, విడిచేసిన తెల్లటి పొరలు, అటూ ఇటూ లాగిన సన్నటి దారాలు. అదే ఆకును పైవైపు నుంచి చూస్తే సూదిమొనతో పొడిచినట్టు లేత చుక్కలు. శాస్త్రీయంగా దీని పేరు టెట్రానికస్ ఉర్టికే. 1836లో జర్మన్ శాస్త్రజ్ఞుడు కోచ్ దీన్ని తొలిసారి వర్ణించాడు. బెండ, వంగ పండించే తెలుగు రైతులు ఎర్రనల్లి అని పిలిచేది ఈ బాపతు నల్లులనే.

బెండచేలో ఎర్రనల్లి పడితే మందు కొడతారు, చెప్పినన్ని రోజులు ఆగుతారు, కాయ కోస్తారు, ఇంట్లో కడిగి వండుకుంటారు. గంజాయి పూతకు ఆ వెసులుబాటు లేదు. కోత ఇంకో మూడు వారాలుందనగా ఈ నల్లి బయటపడితే, రైతు చేతిలో ఉన్న దారులు ఒక్కొక్కటే మూసుకుపోతాయి. న్యూజిలాండ్ అనుభవం చూస్తే ఆ మూడు వారాల గెలుపోటములు నిజానికి నెలల ముందే తేలిపోతాయని అర్థమవుతుంది.

మందు పంటకు మందు కొట్టలేరు

న్యూజిలాండ్‌లో గంజాయి ఇప్పటికీ మాదకద్రవ్యాల చట్టం కిందే ఉంది. 2018 డిసెంబరులో అక్కడి పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించింది. 2020 ఏప్రిల్ 1 నుంచి ఔషధ గంజాయి పథకం అమల్లోకి వచ్చింది. డాక్టరు రాసిస్తే రోగి కొనుక్కోవచ్చు, లైసెన్సున్న సంస్థ పండించవచ్చు. సరదా వాడకానికి కూడా తలుపు తీయాలా అని అదే ఏడాది అక్టోబరు 17న జనాన్ని అడిగితే 50.7 శాతం వద్దన్నారు, 48.4 శాతం సరేనన్నారు. దాంతో పెరట్లో మొక్క వేసుకోవడం నేరంగానే మిగిలిపోయింది. మన దగ్గర 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఇంకా గట్టిది. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో విశాఖ ఏజెన్సీ కొండల్లో పోలీసులు గంజాయి తోటలు నరికించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

న్యూజిలాండ్ పథకంలో ముందుకొచ్చిన సంస్థలు తలా ఒక దారి ఎంచుకున్నాయి. ఉత్తర దీవి తూర్పు తీరాన, మావోరీలు ఎక్కువగా ఉండే రువాటోరియాలో రువా బయోసైన్స్ పుట్టింది. ఆక్లాండ్ శివారు ఈస్ట్ తామాకిలో హీలియస్ థెరప్యూటిక్స్ నాలుగు గోడల మధ్య పని మొదలుపెట్టింది. మార్ల్‌బరోలోని ప్యూరో ఆరుబయట, సేంద్రియ ధ్రువీకరణతో పండించడానికి పూనుకుంది. దారులు వేరైనా చివర దాటాల్సిన గుమ్మం ఒక్కటే, దేశం నిర్దేశించిన కనీస నాణ్యతా ప్రమాణం. పువ్వులో సూక్ష్మజీవులు, భారలోహాలు, బూజుల నుంచి పుట్టే విషాలు, పరాయి పదార్థాలు, పురుగుమందుల అవశేషాలు ఎంతెంత ఉన్నాయో ప్రయోగశాలలో కొలిపించాలి. చుట్టి కాల్చే రూపంలో అమ్మడానికి వీల్లేదు. ఎండిన పువ్వును ఆవిరి యంత్రంలో వేడిచేసి పీల్చుకోవడానికో, టీలా కాచుకోవడానికో ఇస్తారు.

ఈ ‘పీల్చుకోవడం’ దగ్గరే అసలు చిక్కు. నోటి ద్వారా కడుపులోకి పోయిన మందు అవశేషాన్ని కాలేయం కొంత వడగడుతుంది. ఊపిరితిత్తుల్లోకి పోయింది నేరుగా రక్తంలో కలుస్తుంది. అమెరికాలో 2013లో వెలువడిన ఒక అధ్యయనం గంజాయి పొగలోకి పురుగుమందులు ఎంత మేరకు చేరతాయో కొలిచింది. బైఫెంత్రిన్, డయాజినాన్, పెర్మెత్రిన్ వంటి మందులను పువ్వు మీద వేసి, రకరకాల గొట్టాలతో కాల్చి చూశారు. వడపోత లేని చిన్న గాజు గొట్టంలో, మందును బట్టి, 69.5 శాతం దాకా పొగలోకి వచ్చేసింది.

గుంటూరు మిర్చి ఎగుమతి చేసేవాళ్లకు ఇందులో సగం బాధ తెలిసే ఉంటుంది. మిరపకాయను ఎవరూ కడగరు. కోస్తారు, కళ్లంలో ఎండబోస్తారు, తూకం వేస్తారు. ఎండే కొద్దీ నీరు పోతుంది, కొట్టిన మందు ఉండిపోతుంది. గంజాయి పువ్వు కూడా ఎండేసరికి బరువులో దాదాపు నాలుగింట మూడొంతులు కోల్పోతుంది. పచ్చి పువ్వులో ఒక వంతు ఉన్న అవశేషం ఎండిన పువ్వులో నాలుగు వంతులై కూర్చుంటుంది. పైగా పువ్వంతా నూనె గ్రంథులే. నూనెలో కరిగే మందు ఒకసారి అక్కడ చేరితే ఊడి రాదు.

ఈ పాఠం కెనడా రోగులకు చేదుగా ఒంటబట్టింది. 2016 చివర, 2017 మొదట్లో ఆర్గానిగ్రామ్, మెట్రమ్ అనే రెండు లైసెన్సు సంస్థలు తమ ఔషధ గంజాయిని మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించుకోవాల్సి వచ్చింది. ఆర్గానిగ్రామ్ సరుకులో మైక్లోబ్యుటానిల్, బైఫెనజేట్ జాడలు దొరికాయి. మొదటిది బూజు మందు. వేడిచేస్తే హైడ్రోజన్ సయనైడ్‌తో సహా విషవాయువులు విడుదలవుతాయి. రెండోది అచ్చంగా నల్లి మందు. ఆ సంస్థకు సేంద్రియ ధ్రువీకరణ కూడా ఉండేది. ఆ తర్వాత కెనడా ఆరోగ్య శాఖ ముందు చెప్పకుండా నమూనాలు తీసి పరీక్షించడం మొదలుపెట్టింది.

అమెరికాలోని ఒరెగాన్‌లో 2016లో బయటపడ్డ బాగోతం మరో రకం. దాల్చినచెక్క నూనె, నిమ్మ ఉప్పుతో చేసిన సహజమైన మందు అని సీసా మీద రాసుకున్న ఒక నల్లి మందు గంజాయి సాగుదారుల్లో బాగా పేరు తెచ్చుకుంది. కొట్టిన మర్నాటికే నల్లులు రాలిపోతున్నాయంటే ఎవరు మాత్రం కొనరు? వ్యవసాయ శాఖ పరీక్ష చేయిస్తే అందులో సీసా మీద రాయని అబామెక్టిన్ తేలింది. అమ్మకం ఆపించారు. అప్పటికే దాన్ని నమ్మి కొట్టినవాళ్ల పంట పరీక్షలో తప్పింది.

దాని ఋతువు కూడా అదే

రైతు చేతులు కట్టేసిన వేళనే నల్లి విజృంభిస్తుంది. ఇది యాదృచ్ఛికం కాదు. కోత దగ్గరపడే కొద్దీ తోటలో మారేవన్నీ దానికి కలిసొచ్చేవే.

మొదటిది గాలి. గంజాయి పూగుత్తి ముద్దగా ఉంటుంది. దాని లోపల కాస్త తేమ చిక్కుకుంటే బోట్రైటిస్ అనే బూడిద రంగు బూజు పుట్టి, పువ్వును లోపలి నుంచి కుళ్లబెడుతుంది. దానికి భయపడి గదుల్లో పండించేవాళ్లు చివరి వారాల్లో గాలిలో తేమను 50 శాతం చుట్టుపక్కలకు దించేస్తారు. బూజు ఆగుతుంది. కానీ ఎర్రనల్లికి పొడిగాలి అంటే పండగ. బెట్ట పడినప్పుడు బెండచేలో అది ఎలా చెలరేగుతుందో మన రైతుకు తెలుసు.

రెండోది వేడి. దీపాల కింద 30 డిగ్రీలు ఉంటే గుడ్డు నుంచి గుడ్లు పెట్టే వయసు దాకా దీనికి వారం, ఎనిమిది రోజులు చాలు. 20 డిగ్రీలకు దిగితే రెండు వారాలు దాటుతుంది. ఆడనల్లి రోజుకు నాలుగైదు చొప్పున జీవితకాలంలో వంద దాకా గుడ్లు పెడుతుంది. మగ తోడు లేకపోయినా దానికి ఇబ్బంది లేదు. ఫలదీకరణ జరగని గుడ్ల నుంచి మగవి పుడతాయి, జరిగిన గుడ్ల నుంచి ఆడవి. అంటే ఒంటరిగా వచ్చిపడ్డ ఆడపిల్ల నల్లి కూడా తన కొడుకుతోనే జతకట్టి వంశం నిలబెట్టగలదు. పుట్టేవాటిలో ముప్పాతిక వంతు ఆడవే. ఒక్కొక్కటి 50 మంది కూతుళ్లను మిగిల్చిందని లెక్క వేసుకుంటే మూడో తరానికి లక్షా పాతిక వేలు. చేలో అన్నీ బతకవు గానీ, గంజాయి పూత కాలం ఎనిమిది, తొమ్మిది వారాలు అని గుర్తుపెట్టుకుంటే ఈ లెక్క ఎందుకు నిద్ర పట్టనివ్వదో తెలుస్తుంది.

మూడోది నల్లి నడక. దీనికి రెక్కల్లేవు. అందుకే తెల్లదోమ కోసం కట్టే పసుపు జిగురు అట్టలకు ఇది దొరకదు. ఆకు వెనక నుంచి కణాల్లోకి సూదిలాంటి ముక్కు దించి పచ్చదనం పీలుస్తూ, కింది ఆకులు తెల్లబారగానే పై ఆకులకు ఎక్కుతుంది. మొక్క మొత్తం కిక్కిరిసిపోయాక చిటారు కొనకు చేరి, అక్కడ దారాలతో ఒక ముద్ద అల్లుతుంది. అందులో వందలకొద్దీ పిల్లనల్లులు ఒకదానిమీదొకటి పడి ఉంటాయి. గాలికి కొన్ని కొట్టుకుపోతాయి, పని చేసేవాళ్ల చొక్కాలకు కొన్ని అంటుకుంటాయి. ఆ దారం మందం సుమారు 50 నానోమీటర్లు, తల వెంట్రుక కన్నా వెయ్యి రెట్లకు పైగా సన్నం. గంజాయి మొక్కకు చిటారు కొన అంటే అన్నిటికన్నా ఖరీదైన పూగుత్తి. నల్లి గూడు కట్టేది సరిగ్గా అక్కడే.

నాలుగోది వెలుతురు. గంజాయి పగలు తగ్గి రాత్రి పెరిగినప్పుడు పూస్తుంది. గదుల్లో 12 గంటల వెలుతురు, 12 గంటల చీకటి ఇచ్చి పూయిస్తారు. ఆరుబయట ఆ పని సూర్యుడే చేస్తాడు. అదే పొట్టి పగలు ఎర్రనల్లికి చలికాలం కబురు అందిస్తుంది. వెచ్చటి గదిలో ఆ కబురును అది పెద్దగా లెక్క చేయదు. చల్లబడుతున్న చేలో మాత్రం ఆడనల్లులు తిండి మానేసి, గుడ్లు పెట్టడం ఆపి, నారింజ ఎరుపులోకి మారి, దాక్కునే సందుల కోసం బయల్దేరతాయి. బెరడు పగుళ్లు, ఎండుటాకులు, కట్టెల సందులు వెతుక్కుంటాయి. పూగుత్తి కూడా వాటికి ఒక సందే. నిద్రకు సిద్ధమైన ఆడనల్లి మీద మందులు కూడా సరిగా పనిచేయవు.

ఇదే ఇబ్బందిని న్యూజిలాండ్‌లో ఇంకో పంట ఏళ్ల తరబడి అనుభవిస్తోంది. మార్ల్‌బరో పక్కనే ఉన్న నెల్సన్ ప్రాంతంలో బీరుకు వాసన ఇచ్చే హాప్స్ తీగలు 19వ శతాబ్దం నుంచి పండుతున్నాయి. వృక్షశాస్త్రం ప్రకారం హాప్స్, గంజాయి ఒకే కుటుంబం. హాప్స్‌లోనూ పనికొచ్చేది జిగురు గ్రంథులున్న ఆడ పూగుత్తే, కోతా ఇంచుమించు అదే కాలంలో. ఎర్రనల్లి హాప్స్ పూగుత్తిలోకి దూరితే రేకులు ఎర్రబారి, సరుకు ధర పడిపోతుంది. అయితే హాప్స్‌ను నీళ్లలో మరిగిస్తారు, పీల్చరు. కాబట్టి ఆ రైతుకు కొన్ని మందులైనా మిగిలాయి.

ఏ మందుకైనా విరుగుడు ఉన్న పురుగు

పోనీ, చట్టం కన్నుమూసుకుందనే అనుకున్నా, మందు పనిచేస్తుందన్న భరోసా లేదు. ఎర్రనల్లి 1,100కు పైగా మొక్కజాతుల మీద బతకగలదు. ఒక్కో మొక్క తనను తినేవాళ్ల కోసం ఒక్కో విషం దాచుకుంటుంది. వేయి రకాల విషాలు అరిగించుకున్న కడుపుకు మనిషి తయారుచేసిన మందు ఇంకో కొత్త వంటకం, అంతే. కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయానికి చెందిన మియోద్రాగ్ గ్రిబిచ్ బృందం 2011లో ‘నేచర్’ పత్రికలో దీని జన్యు సమాచారం ప్రచురించింది. మొత్తం జన్యుపటం తొమ్మిది కోట్ల అక్షరాలే. అప్పటిదాకా చదివిన కీటకాలు, సాలీళ్లు, పీతల తెగలో ఇదే అతి చిన్నది. కానీ విషాలను విరిచే జన్యువులు మాత్రం దండిగా ఉన్నాయి. కొన్నిటిని అది బాక్టీరియా, బూజుల నుంచి అరువు తెచ్చుకుంది కూడా. 90కి పైగా పురుగుమందుల మీద ఈ జాతి ఎక్కడో ఒకచోట నిరోధక శక్తి చూపించింది. తరం వారంలో మారిపోయే పురుగుకు ఒకే మందును మూడుసార్లు వరసగా కొట్టడమంటే, తట్టుకున్నవాటిని ఏరి విత్తనానికి ఉంచుకోవడమే.

మెత్తటి మందుల సంగతి చూద్దాం. వేపనూనె, సబ్బు ద్రావణం, గంధకం మన రైతుకు చిరపరిచితాలు. మొక్క ఎదిగే దశలో ఇవి గంజాయికీ పనికొస్తాయి. పూత పట్టాక పరిస్థితి మారుతుంది. నూనె పడిన పువ్వులో గ్రంథుల వాసన చెడుతుంది. తడిసిన పూగుత్తి బూజును పిలుస్తుంది. గంధకం వాసన ఎండిన పువ్వులో కూడా పోదు, నూనె కొట్టిన మొక్క మీద గంధకం పడితే ఆకులు మాడతాయి. బ్యూవేరియా బాసియానా అనే మేలు చేసే బూజు ఇంకో ఉపాయం. అది నల్లి ఒంటి మీద మొలిచి దాన్ని చంపుతుంది, మనిషికి హాని చేయదు. అయితే ప్రయోగశాలలో పువ్వు మీది బూజు రేణువులను లెక్కపెట్టేవాళ్లు వచ్చింది మిత్రుడా శత్రువా అని చూడరు. లెక్క హద్దు దాటితే సరుకు పక్కన పెట్టాల్సిందే.

తినేవాళ్లను పిలిపించుకోవడం

ఇక మిగిలింది నల్లిని తినే నల్లి. దాని పేరు ఫైటోసియులస్ పెర్సిమిలిస్. బేరిపండు ఆకారం, మెరిసే నారింజ రంగు, పొడుగాటి కాళ్లు. ఎర్రనల్లి కన్నా చాలా చురుకు. దీనికి కళ్లు లేవు. వాసన పట్టుకుని పోతుంది. రోజుకు ఇరవై దాకా గుడ్లో, నాలుగైదు పెద్ద నల్లులో లాగించేస్తుంది. ఎర్రనల్లి, దాని చుట్టాలు తప్ప మరో తిండి ముట్టదు. తగిన వేడి, తేమ ఉంటే ఎర్రనల్లి కన్నా వేగంగా పిల్లల్ని పెడుతుంది కాబట్టి చివరికి మందను దాటి మందను మింగేస్తుంది.

1958 ప్రాంతంలో చిలీ నుంచి జర్మనీకి వచ్చిన ఆర్కిడ్ మొక్కల మీద ఈ జీవి అనుకోకుండా ప్రయాణం చేసింది. అక్కడి శాస్త్రజ్ఞులు దాన్ని పెంచి పరిశీలించి పొరుగు దేశాలకు పంచారు. నెదర్లాండ్స్‌లో యాన్ కోపర్ట్ అనే దోసకాయల రైతుకు పురుగుమందులు పడేవి కావు. 1967లో ఈ నల్లిని తెచ్చి తన గాజుఇంట్లో వదిలాడు. ఫలితం చూసి ఇరుగుపొరుగు రైతులకు అమ్మడం మొదలుపెట్టాడు. నేడు మిత్ర పురుగుల వ్యాపారంలో ప్రపంచంలోనే పేరున్న కోపర్ట్ కంపెనీ అలా మొదలైంది. మరి కళ్లు లేని జీవికి దారి ఎవరు చూపిస్తున్నారన్న ప్రశ్నకు 1980ల్లో నెదర్లాండ్స్‌లోనే మార్సెల్ డికె, మౌరిస్ సాబెలిస్ జవాబు రాబట్టారు. ఎర్రనల్లి కొరికిన చిక్కుడు మొక్క, మామూలు గాయానికి వదలని కొన్ని వాసనలను గాలిలోకి వదులుతుంది. ఆ వాసన వచ్చిన దిక్కుకే పెర్సిమిలిస్ నడుస్తుంది.

గంజాయి పూత ఈ మిత్రుడి ముందు రెండు గోడలు కడుతుంది. ఒకటి జిగురు. పూగుత్తిని కప్పిన గ్రంథి రోమాల్లో చిన్న పురుగుల కాళ్లు అంటుకుపోతాయి. టమాటా మీద పెర్సిమిలిస్ ఎలా తంటాలు పడుతుందో శాస్త్రజ్ఞులు ఎప్పుడో గమనించారు, గంజాయి జిగురు అంతకన్నా చిక్కన. రెండోది తేమ. గాలిలో తేమ 60 శాతానికి బాగా దిగువకు పడితే పెర్సిమిలిస్ గుడ్లు పొదగకుండానే ఎండిపోతాయి. బూజుకు భయపడి దించిన తేమ శత్రువును వదిలేసి మిత్రుణ్ని కొడుతుంది. ఈ రెండు గోడలూ లేచేది పూత ముదిరాకే. అంతకుముందు, ఆకులు నున్నగా ఉండి, గాలి కాస్త చెమ్మగా ఉన్న నెలల్లో వదిలితే పెర్సిమిలిస్‌కు ఎదురులేదు.

న్యూజిలాండ్‌కు తెలిసిన పాఠం

మిత్ర నల్లుల బలం ఈ దేశానికి కొత్త కాదు. ఆపిల్ తోటల్లో యూరప్ ఎర్రనల్లి అనే మరో జాతి బెడద ఉండేది. దాన్ని తినే టిఫ్లోడ్రోమస్ పైరై అనే మిత్ర నల్లి కూడా ఉండేది గానీ, కాయతొలిచే పురుగు కోసం కొట్టే అజిన్‌ఫాస్ మిథైల్‌కు అది చచ్చిపోయేది. ఏళ్ల తరబడి కొట్టగా కొట్టగా ఆ మందును తట్టుకునే మిత్ర నల్లులు న్యూజిలాండ్ తోటల్లో తయారయ్యాయి. వాషింగ్టన్ రాష్ట్రం నుంచి వచ్చిన కీటక శాస్త్రజ్ఞుడు స్టాన్లీ హోయ్ట్ 1972లో ఆ సంగతిని శాస్త్రీయంగా రుజువు చేశాడు. తర్వాత పైరెత్రాయిడ్ మందులను కూడా తట్టుకునే వంశాన్ని ఇక్కడి శాస్త్రజ్ఞులు ఎంపిక చేసి పెంచారు. 1988లో దాన్ని కెనడాలోని నోవాస్కోషియా ఆపిల్ తోటలకు పంపితే అక్కడ స్థిరపడింది.

ఇంకో కథ దీనికి తలకిందులు. ఇంగ్లండ్ నుంచి వలస వచ్చినవాళ్లు కంచె కోసం గోర్స్ అనే ముళ్లపొద తెచ్చి నాటారు. 1835 డిసెంబరులో ఇక్కడికి వచ్చిన చార్లెస్ డార్విన్ కూడా వైమాటే దగ్గర గోర్స్ కంచెలను చూశాడు. ఆ పొద కంచె దాటి కొండలు, పచ్చికబయళ్లు ఆక్రమించింది. గింజ నేలలో దశాబ్దాల పాటు మొలకెత్తే శక్తితో పడుంటుంది. దాన్ని అదుపు చేయడానికి గోర్స్ మీద మాత్రమే బతికే ఒక సాలెనల్లిని, టెట్రానికస్ లింటేరియస్‌ను, శాస్త్రజ్ఞులు 1989లో ఇంగ్లండ్ నుంచి తెచ్చి వదిలారు. వాన ఎక్కువ పడే చోట్ల కోసం స్పెయిన్, పోర్చుగల్ రకాలను కూడా తర్వాత తెచ్చారు. అంటే ఇక్కడ సర్కారే పూనుకుని ఎర్రనల్లి చుట్టాన్ని పెంచింది.

మొదట్లో పొదలకు పొదలు తెల్లటి గూళ్ల కింద వాడిపోయాయి. చూసినవాళ్లు పని అయిపోయిందనుకున్నారు. ఇంతలో స్టెథోరస్ బైఫిడస్ అనే చిన్న నల్లటి అక్షింతల పురుగు, దాని వెంట అప్పటికే దేశంలో ఉన్న పెర్సిమిలిస్, ఆ గూళ్లను పసిగట్టాయి. పిలవని పేరంటానికి వచ్చి విస్తళ్లు ఖాళీ చేశాయి. గోర్స్ నల్లి దేశమంతా పాకింది గానీ, పొదను చంపేంత మంద ఎక్కడా ఎక్కువ కాలం నిలబడలేదు. ఆ నల్లి బతకాలని కోరుకున్న శాస్త్రజ్ఞులకు అది నిరాశ. నల్లి చావాలని కోరుకునే గంజాయి రైతుకు మాత్రం, ఆరుబయట ఏ ఖర్చూ లేకుండా జరిగిన అతి పెద్ద ప్రయోగం. తినేవాళ్లకు వేళ దొరికితే సాలెనల్లి మంద నిలవదని అది చూపించింది.

ఆ తినేవాళ్లను ఎక్కడి నుంచి పడితే అక్కడి నుంచి తెచ్చుకోవడానికి మాత్రం కుదరదు. 1996లో వచ్చిన ప్రమాదకర పదార్థాలు, కొత్త జీవుల చట్టం ప్రకారం దేశంలో లేని ఏ జీవినైనా పర్యావరణ సంస్థ అనుమతి లేకుండా దించలేరు. యూరప్‌లో పంటను బట్టి రకరకాల మిత్ర నల్లులు పొట్లాల్లో దొరుకుతాయి. ఇక్కడ ఆ ఎంపిక చిన్నది. దక్షిణ ఆక్లాండ్‌లోని బయోఫోర్స్ అనే సంస్థ పెర్సిమిలిస్‌ను పెంచి అమ్ముతుంది. ప్రాణంతో ఉన్న సరుకు కాబట్టి అందిన వెంటనే తోటలో వదలాలి.

క్యాలెండరు వెనక్కి తిప్పితే

ఈ లెక్కలన్నీ కలిపితే పనుల వరుస దానంతటదే తేలుతుంది. మొదటి కాపలా తల్లి మొక్కల దగ్గర. కొమ్మలు కోసి అంట్లు కట్టడానికి ఏళ్లకొద్దీ ఉంచే ఆ మొక్కల మీద ఒక్క ఆడనల్లి ఉన్నా వందల అంట్లతో పాటు తోటంతా చేరుతుంది. సబ్బు, నూనె ముంచడాలు ఏమైనా ఉంటే వేరు పట్టిన పిల్లమొక్క దశలోనే ముగించాలి, పువ్వుకు చేరే అవశేషం ఉండదు. గదిలోకి వచ్చే మనిషి ముందు శుభ్రమైన గదులు చూసుకుని, పురుగు ఉందన్న గదికి ఆఖర్న వెళ్లాలి. మళ్లీ వెనక్కి రాకూడదు.

భూతద్దంతో వారం వారం చూడ్డానికీ ఒక పద్ధతి ఉంది. తలుపుల దగ్గర, గాలి వేడిగా తగిలే మూలల్లో, కింది వరుస ఆకుల్లో ముందు చూడాలి. మొదటి చుక్క కనబడ్డ ఆకు మీదనే, ఆ వారమే పెర్సిమిలిస్‌ను వదలాలి. ఎర్రనల్లి పది ఉన్నప్పుడు వదిలిన వంద మిత్ర నల్లులు చేసే పని, పదివేలు అయ్యాక వదిలిన లక్ష కూడా చేయలేవు.

ఇంత చేసినా కోతకు రెండు, మూడు వారాల ముందు గూడు బయటపడితే? అప్పుడు మందుల బీరువా వైపు వెళ్లకపోవడమే తెలివైన పని. పురుగు పట్టిన ఆకులను అక్కడే సంచిలో వేసి కోయాలి, విదిలించకూడదు. గూడు కట్టిన మొక్కను మొత్తంగా పీకి మూటకట్టి బయటికి పంపాలి. గది చల్లబరిస్తే నల్లి తరం నిదానిస్తుంది, కోతకు కావలసిన రోజులు దక్కుతాయి. పురుగు ఎక్కువున్న వరుసను పూత కాస్త లేతగా ఉన్నా ముందే కోసేస్తే మిగతా వరుసలు బతుకుతాయి. పువ్వు ఔషధ గుణం కొంత తగ్గవచ్చు, కానీ అవశేషం దొరికిన సరుకుకు అసలు ధరే లేదు.

కోసిన తర్వాత కూడా పని తీరదు. కొమ్మలను తలకిందులుగా వేలాడదీసి ఆరబెట్టే గదిలో, రసం ఇంకిపోతున్న ఆకును వదిలి నల్లులు పైకి, కొసలకు, తీగల మీదికి పాకుతాయి. పువ్వులో చచ్చినవి, వాటి గూళ్లు, విడిచిన పొరలు పరీక్షలో పరాయి పదార్థం కింద లెక్కకొస్తాయి. మిత్ర నల్లి కళేబరమైనా లెక్క అదే. కాబట్టి కోత సిబ్బంది గూడు పట్టిన కొసలను ఆరబెట్టక ముందే కత్తిరించి వేరు చేస్తారు.

ఖాళీ అయిన గాజుఇంట్లో నారింజ రంగు ఆడనల్లులు పగుళ్లలో, కుండీల అంచుల్లో, డ్రిప్ పైపుల క్లిప్పుల కింద తలదాచుకుని ఉంటాయి. జూన్, జూలై చలిలో అవి కదలవు. ఆగస్టు, సెప్టెంబరులో పగలు పొడుగై వేడి తగిలితే లేచి, ముందు కలుపు మొక్కల మీద, ఆ తర్వాత పిల్లమొక్కల మీద గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. అందుకే కోత ముగిసిన వారంలోనే ఆకూ వేరూ మిగలకుండా ఊడ్చి, కలుపు తీసి, కుండీలు, బల్లలు కడిగి, కొన్నాళ్ల పాటు గదిని ఖాళీగా ఉంచుతారు. అక్టోబరు, నవంబరులో చేలోకి వెళ్లే కొత్త మొక్కలను నర్సరీ దాటక ముందే తిరగేసి చూస్తారు. వచ్చే మార్చి పంటకు నల్లి నివారణ ఖర్చులో ఎక్కువ భాగం ఇలా నాట్లకు ముందే, కూలి రూపంలో, పడుతుంది.